జాన్ లెనన్: చెరిపేసిన టేపుల్లోంచి తిరిగొచ్చిన గొంతు.. రేడియోతో మొదలై రేడియోతోనే ముగిసిన బీటిల్స్ హీరో జీవితం

1980 డిసెంబర్ 14. ఆదివారం మధ్యాహ్నం. న్యూయార్క్‌లో రేడియో స్టేషన్లు ఒక్కసారిగా మూగబోయాయి. పాటలు లేవు, ప్రకటనలు లేవు, వార్తలు లేవు. పది నిమిషాల పాటు నిశ్శబ్దం. సాంకేతిక లోపం కాదది. ఆరు రోజుల కిందట తుపాకీ తూటాలకు బలైన ఓ పాటగాడికి జనం ఇచ్చిన నివాళి. ఆయన పేరు జాన్ లెనన్. బీటిల్స్ బ్యాండ్ పెట్టిన మనిషి.

లెనన్ చనిపోయి 40 ఏళ్లు దాటిపోయింది. అయినా ఆయన గొంతు ఇప్పటికీ కొత్తగా దొరుకుతూనే ఉంది. ఎవరి అటక మీదో ఉన్న టేపులోంచి, ఏ దేశంలోనో మూలన పడి ఉన్న రేడియో డిస్క్‌లోంచి, గరగర శబ్దంతో నిండిన ఇంటి క్యాసెట్‌లోంచి. ఈ మనిషి జీవితానికీ, రేడియోకీ, టేపులకీ ఉన్న లింకు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒకసారి మొదటి నుంచి చూద్దాం.

అమ్మ ఒకచోట.. కొడుకు ఒకచోట

1940 అక్టోబర్ 9న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో లెనన్ పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. తండ్రి ఆల్ఫ్రెడ్ ఓడల్లో పనిచేసేవాడు, ఇంట్లో ఉన్నది తక్కువ. తల్లి జూలియా. అమ్మానాన్న విడిపోవడంతో పిల్లాడి పెంపకం పెద్దమ్మ మిమీ చేతుల్లోకి వెళ్లింది. మిమీది క్రమశిక్షణ. ఇల్లు, చదువు, పద్ధతి అన్నీ లెక్క ప్రకారం ఉండాలి.

అమ్మ ఉండేది మాత్రం దగ్గర్లోనే. కాస్త పెద్దయ్యాక లెనన్ తరచూ అక్కడికి వెళ్లేవాడు. జూలియాకి పాటలంటే పిచ్చి. బాంజో వాయించేది. కొడుక్కి మొదట వాయిద్యం పట్టుకోవడం నేర్పింది ఆమే. గిటార్ మీద కూడా బాంజో పద్ధతిలోనే వేళ్లు పెట్టేవాడట లెనన్.

ఇక రాత్రి అయితే రేడియో. అప్పట్లో బీబీసీలో రాక్ అండ్ రోల్ పెద్దగా వచ్చేది కాదు. కుర్రాళ్లంతా రేడియో లక్సెంబర్గ్ పట్టుకునేవాళ్లు. సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. ఆ గాలివాటు శబ్దంలోంచే అమెరికా పాటలు విని, మాటలు పట్టుకుని, నేర్చుకున్న తరం అది. లెనన్ కూడా అందులో ఒకడు.

ఆ రోజు సాయంత్రం ఎవరో టేప్ ఆన్ చేశారు

1957 జులై 6. వూల్టన్ అనే పేటలో చర్చి ఉత్సవం. లెనన్ తన స్కూలు దోస్తులతో పెట్టిన క్వారీమెన్ అనే బ్యాండ్ అక్కడ వాయించింది. అదే రోజు ఓ కామన్ ఫ్రెండ్ 15 ఏళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చి పరిచయం చేశాడు. అతనే పాల్ మెకార్ట్‌నీ. ప్రపంచ సంగీతాన్ని మార్చిన పరిచయం అది.

ఇక్కడే ఓ విచిత్రం జరిగింది. ప్రేక్షకుల్లో ఉన్న ఓ యువకుడి దగ్గర గ్రుండిగ్ టేప్ రికార్డర్ ఉంది. సాయంత్రం ప్రోగ్రామ్‌లో కొంత భాగాన్ని సరదాగా రికార్డు చేశాడు. ఆ టేపు దాదాపు 37 ఏళ్లు అతని దగ్గరే ఉండిపోయింది. 1994లో సోత్‌బీస్ వేలానికి వస్తే ఈఎంఐ కంపెనీ 78,500 పౌండ్లు పెట్టి కొనేసింది. సౌండ్ క్వాలిటీ అంతంత మాత్రమే. కానీ 16 ఏళ్ల లెనన్ గొంతు, అదీ మెకార్ట్‌నీని కలిసిన రోజునే, అందులో భద్రంగా ఉంది.

ఏడాది తిరిగింది. 1958 జులై 15న మిమీని చూడ్డానికి వచ్చి తిరిగి వెళ్తున్న జూలియాను ఇంటి ముందు రోడ్డు మీదే కారు ఢీకొట్టింది. డ్యూటీలో లేని ఓ పోలీసు నడుపుతున్న కారు అది. జూలియా అక్కడికక్కడే చనిపోయింది. లెనన్‌కి అప్పుడు 17 ఏళ్లు. చిన్నప్పుడు ఒకసారి దూరమైన అమ్మ, దగ్గరవుతున్న టైంలో మళ్లీ దూరమైంది. ఈసారి శాశ్వతంగా. మెకార్ట్‌నీ కూడా 1956లోనే తల్లిని పోగొట్టుకున్నాడు. ఇద్దరి మధ్య బంధం గట్టిపడటానికి ఈ బాధే ఓ కారణం అంటారు.

మెకార్ట్‌నీకి నో.. లెనన్‌కి ఎస్

తర్వాత కథ చాలామందికి తెలిసిందే. జార్జ్ హారిసన్ చేరాడు. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా వాయించి వాయించి రాటుదేలారు. 1961 నవంబర్‌లో లివర్‌పూల్ కేవర్న్ క్లబ్బులో వీళ్లను చూసిన రికార్డుల షాపు యజమాని బ్రయన్ ఎప్‌స్టీన్ మేనేజర్‌గా వచ్చాడు. 1962 జనవరి 1న డెక్కా కంపెనీ ఆడిషన్ చేసి, వద్దు పొమ్మంది.

ఎప్‌స్టీన్ అక్కడితో ఆగలేదు. బీబీసీకి దరఖాస్తు పెట్టాడు. ఫిబ్రవరిలో మాంచెస్టర్‌లో ఆడిషన్ జరిగింది. నిర్మాత పీటర్ పిల్‌బీమ్ విని తన కాగితం మీద నోట్ రాసుకున్నాడు. ఆ నోట్ ప్రకారం గాయకుడిగా లెనన్ పాస్, మెకార్ట్‌నీ ఫెయిల్! అయినా బ్యాండ్‌ని మాత్రం తీసుకున్నాడు. మార్చి 7న రికార్డింగ్, 8న ప్రసారం. బీటిల్స్ మొదటి రికార్డు మార్కెట్లోకి రావడానికి ఏడు నెలల ముందే వాళ్ల పాట రేడియోలో వచ్చిందన్నమాట.

అక్కడి నుంచి 1965 వరకు బీబీసీ రేడియోలో 50కి పైగా కార్యక్రమాలు చేశారు. మొత్తం 88 రకాల పాటలు, 275 సార్లు. 1963లో అయితే వాళ్ల పేరు మీదే 'పాప్ గో ద బీటిల్స్' అనే 15 వారాల సిరీస్ నడిచింది. ఒక్క రోజులోనే మూడు కార్యక్రమాలకు సరిపడా పాటలు రికార్డు చేసిన సందర్భం కూడా ఉంది.

ఇన్ని పాటలు లైవ్‌గా ఎందుకు పాడించారు? రికార్డులు వేస్తే సరిపోయేది కదా అని డౌట్ రావచ్చు. అసలు విషయం ఏంటంటే, అప్పట్లో బీబీసీ రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వేయాలని పరిమితి ఉండేది. రికార్డులే వేస్తే వాయిద్యకారుల పొట్ట కొట్టినట్టవుతుందని వాళ్ల యూనియన్ వాదన. దాంతో బ్యాండ్‌లను స్టూడియోకి పిలిపించి పాడించేవాళ్లు. ఆ రూల్ పుణ్యమా అని బీటిల్స్ తమ ఆల్బమ్‌లలో లేని 36 పాటలు రేడియో కోసం పాడారు. అందులో లెనన్ గొంతు విప్పి పాడిన 'సోల్జర్ ఆఫ్ లవ్' లాంటివి వింటే, ఇది ఆల్బమ్‌లో ఎందుకు పెట్టలేదా అనిపిస్తుంది.

అంత చరిత్ర.. చెరిపేశారు

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఆ టేపుల్లో చాలా వరకు బీబీసీ దాచలేదు. టేపు ఖరీదైనది. ఒక ప్రోగ్రామ్ ప్రసారమైపోతే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్లు. దాచడానికి చోటు లేదు, మళ్లీ మళ్లీ ప్రసారం చేయడానికి ఒప్పందాలు ఒప్పుకోవు. పైగా ఈ పాప్ పాటలు వచ్చే వారానికే జనం మర్చిపోతారని అప్పటి పెద్దల లెక్క. ఆ లెక్క తప్పిందని అర్థమయ్యేసరికి టేపులు లేవు.

1982లో బీటిల్స్ మొదటి ప్రసారానికి 20 ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ ఓ స్పెషల్ ప్రోగ్రామ్ తలపెట్టింది. ఆ పని మీద కెవిన్ హౌలెట్ అనే నిర్మాత సొంత సంస్థ ఆర్కైవ్‌లోనే వెతికితే దొరికింది చాలా తక్కువ. అప్పుడు మొదలైంది వేట.

ఎక్కడెక్కడ దొరికాయి? ఒకటి, విదేశీ స్టేషన్లకు పంపడానికి బీబీసీ అచ్చు వేయించిన డిస్క్‌లు. సొంతింట్లో పోయింది పరాయి దేశపు అల్మరాలో బతికి ఉంది. రెండు, శ్రోతల ఇళ్లు. రేడియో ముందు మైక్ పెట్టో, వైరు కలిపో ఇంట్లో టేప్ చేసుకున్న అభిమానులు. మన ఇళ్లలో కూడా వివిధ భారతి పాటలు వస్తుంటే టేప్ రికార్డర్ నొక్కిపట్టి, మధ్యలో ఎవరూ మాట్లాడొద్దని అందరినీ హెచ్చరించిన వాళ్లు ఉన్నారు కదా.. అచ్చం వాళ్లలాగే. మూడు, దొంగ రికార్డుల వాళ్లు. ఎవరి అనుమతీ లేకుండా ఈ ప్రసారాలను ఎల్పీలుగా వేసి అమ్మేవాళ్లు. చట్టం దృష్టిలో అది తప్పే. కానీ వాళ్ల వల్ల, సేకర్తల వల్ల కొన్ని పాటలు బతికాయన్నది కూడా నిజం.

1988లో బీబీసీ రేడియో 1 ఈ పోయిన టేపుల మీదే 14 భాగాల సిరీస్ చేసింది. 1994లో 56 పాటలతో 'లైవ్ ఎట్ ద బీబీసీ' ఆల్బమ్ అధికారికంగా వచ్చింది. బ్రిటన్‌లో నంబర్ వన్. బ్యాండ్ విడిపోయిన పాతికేళ్లకు! 2013లో రెండో భాగం కూడా వచ్చింది.

పాత టేపుని ఎలా బాగు చేస్తారు?

చెత్తలా వినిపించే టేపు ఆల్బమ్‌గా ఎలా మారుతుంది? ముందుగా ఒకే పాటకి ఎన్ని కాపీలు ఉన్నాయో అన్నీ తెప్పిస్తారు. టేపుని ఇంకో టేపుకి ఎక్కించిన ప్రతిసారీ శబ్దం కొంచెం చెడుతుంది. అందుకే అసలుకి అతి దగ్గరి కాపీ ఏదో తేల్చుకోవడమే సగం పని. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టే ఇదీ.

తర్వాత వేగం. ఇళ్లలోని మెషిన్లు కొన్ని స్లోగా, కొన్ని ఫాస్ట్‌గా తిరిగేవి. వేగం మారితే శ్రుతి మారిపోతుంది. సరిచేయకపోతే లెనన్ గొంతు లెనన్‌ది కాకుండా పోతుంది. ఆ తర్వాత కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే మోత, డిస్క్ గీతల టిక్ టిక్, మధ్యలో శబ్దం పడిపోయిన చోట్లు. 1994 ఆల్బమ్‌కి అబీ రోడ్ ఇంజినీర్ పీటర్ మ్యూ కంప్యూటర్ సాయంతో ఈ పనులు చేశారు. ఇక్కడ అతి చేస్తే ముప్పే. గరగరతో పాటు గాయకుడి ఊపిరి శబ్దం, తాళాల మెరుపు కూడా కొట్టుకుపోతాయి. ఎంత తీయాలన్నది కాదు, ఎక్కడ ఆగాలన్నదే అసలు నేర్పు.

పాటలోకే రేడియో.. ఆ తర్వాత రేడియోలోంచి గెంటివేత

మళ్లీ లెనన్ దగ్గరికి వద్దాం. 1966లో క్రైస్తవం కన్నా బీటిల్స్‌కే ఎక్కువ ఆదరణ ఉందన్న అర్థంలో ఆయన అన్న మాట అమెరికాలో మంట పెట్టింది. దక్షిణ రాష్ట్రాల్లో కొన్ని రేడియో స్టేషన్లు బీటిల్స్ పాటలు ఆపేశాయి. రికార్డులు కుప్పపోసి తగలబెట్టారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వ రేడియో కూడా నిషేధం పెట్టింది. పెంచి పెద్ద చేసిన రేడియోనే తలుపు మూసింది.

ఆ ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి టికెట్ షో. మెకార్ట్‌నీ అడిగితే ప్రెస్ ఆఫీసర్ టోనీ బారో చేతి క్యాసెట్ రికార్డర్‌తో రికార్డు చేశాడు. ఆఖరి పాట మధ్యలో టేపు అయిపోయింది. ఆ పాట ఇప్పటికీ సగంలోనే తెగిపోతుంది.

1967లో 'అయామ్ ద వాల్‌రస్' మిక్సింగ్ చేస్తూ లెనన్ ఓ పని చేశాడు. స్టూడియోకి రేడియో కలిపి, అప్పుడు బీబీసీలో వస్తున్న షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్'ని నేరుగా పాటలో కలిపేశాడు. అది మోనో మిక్స్‌లో అప్పటికప్పుడు కలిసిపోయింది, విడిగా టేపు లేదు. అందుకే పాత స్టీరియో వెర్షన్‌లో రేడియో వచ్చే దగ్గర్నుంచి నిజమైన స్టీరియో ఉండదు. ఒక్క రాత్రి చేసిన చిలిపి పని, తర్వాతి తరం ఇంజినీర్లకు ఏళ్ల తరబడి చిక్కుముడి.

1968 ఫిబ్రవరిలో బీటిల్స్ మన దేశానికి, రిషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. లెనన్ దాదాపు రెండు నెలలు ఉన్నాడు. గంగ ఒడ్డున చాలా పాటలు కట్టాడు. అందులో ఒకటి చనిపోయిన తల్లి పేరుతో ఉన్న 'జూలియా'. బీటిల్స్ రికార్డుల్లో లెనన్ ఒక్కడే గిటార్ పట్టుకుని పాడిన పాట అది. పదేళ్లు లోపల దాచుకున్న దుఃఖం అక్కడ బయటికొచ్చింది.

తప్పులూ ఉన్నాయి

లెనన్ దేవుడేం కాదు. మొదటి భార్య సింథియాతో, కొడుకు జూలియన్‌తో న్యాయంగా ఉండలేదు. నాన్న లేని లోటు తెలిసిన మనిషే తన కొడుక్కి నాన్నగా దూరమయ్యాడు. 1969లో యోకో ఓనోని పెళ్లి చేసుకున్నాడు. 1970లో బీటిల్స్ విడిపోయారు. 1971లో న్యూయార్క్ వెళ్లిపోయాడు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా గొంతెత్తడంతో అమెరికా ప్రభుత్వం దేశం నుంచి పంపేయాలని చూసింది. ఏళ్ల పోరాటం తర్వాత 1976లో గ్రీన్ కార్డు వచ్చింది.

1975లో తన పుట్టినరోజునే రెండో కొడుకు షాన్ పుట్టాడు. అప్పటి నుంచి ఐదేళ్లు లెనన్ దాదాపు ఇంటికే పరిమితం. జూలియన్‌కి ఇవ్వలేని టైం షాన్‌కి ఇచ్చాడు. మధ్య మధ్యలో పియానో ముందు కూర్చుని, మామూలు క్యాసెట్ రికార్డర్ ఆన్ చేసి, సగం సగం పాటలు పాడుకునేవాడు. ఎవరికీ వినిపించాలని కాదు.

1980 నవంబర్‌లో కొత్త ఆల్బమ్‌తో మళ్లీ బయటికొచ్చాడు. డిసెంబర్ 6న బీబీసీకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. 8న మధ్యాహ్నం ఆర్‌కేఓ రేడియో టీమ్ ఇంటికొచ్చింది. గంటల తరబడి మాట్లాడాడు. గతం గురించి, పిల్లాడి గురించి, రాబోయే రోజుల గురించి. ఆ టీమ్ కారులోనే స్టూడియోకి వెళ్లాడు. రాత్రి ఇంటికి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కాచుకుని ఉన్న ఓ వ్యక్తి కాల్చేశాడు. వయసు 40. భవిష్యత్తు గురించి ఆయన మాట్లాడిన టేపు అప్పటికి ప్రసారం కూడా కాలేదు.

గోడలోంచి బయటికొచ్చినట్టు ఆ గొంతు

ఇంట్లో మిగిలిన క్యాసెట్లు చాలానే ఉన్నాయి. 1988 నుంచి అమెరికాలో 'ద లాస్ట్ లెనన్ టేప్స్' పేరుతో 200కి పైగా రేడియో ఎపిసోడ్లు వచ్చాయంటే అర్థం చేసుకోవచ్చు. 1994లో యోకో కొన్ని క్యాసెట్లు మెకార్ట్‌నీకి ఇచ్చింది. మిగిలిన ముగ్గురూ కలిసి వాటి మీద వాయించి రెండు పాటలు పూర్తి చేశారు. మూడోది 'నౌ అండ్ దెన్'. దాని మీద మోత మరీ ఎక్కువ. పియానో పెరిగితే గొంతు మునిగిపోతోంది. హారిసన్‌కి ఆ క్వాలిటీ నచ్చలేదు. పక్కన పెట్టేశారు. 2001లో హారిసన్ కూడా వెళ్లిపోయాడు.

తర్వాత దర్శకుడు పీటర్ జాక్సన్ బీటిల్స్ మీద 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ తీస్తూ ఓ టెక్నాలజీ తయారు చేయించాడు. ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన గొంతు, గిటార్, డ్రమ్స్‌ని కంప్యూటర్ నేర్చుకుని విడదీస్తుంది. దాన్నే లెనన్ క్యాసెట్ మీద వాడారు. పియానో ఒక పక్కకి, మోత ఇంకో పక్కకి, గొంతు విడిగా.. శుభ్రంగా! 2023 నవంబర్ 2న పాట విడుదలైంది. హారిసన్ 1995లో వాయించిన గిటార్ కూడా అందులో ఉంది. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, 2025లో గ్రామీ కూడా కొట్టింది.

ఏఐతో లెనన్ గొంతు సృష్టించారని అప్పట్లో ప్రచారం జరిగింది. అది నిజం కాదు. అక్కడ కొత్తగా పుట్టించిన గొంతు లేదు. ఆయన పాడిందే, మట్టి కడిగి బయటికి తీశారు, అంతే. నకిలీ గొంతులు ఫోన్‌లో రోజూ తిరుగుతున్న ఈ రోజుల్లో ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

వేట ఇంకా ఆగలేదు. 1963 ఏప్రిల్‌లో స్టోవ్ స్కూల్లో బీటిల్స్ ఇచ్చిన కచేరీని ఓ విద్యార్థి టేప్ చేశాడు. ఆ టేపు బయటపడింది 2023లో. 60 ఏళ్ల తర్వాత. దాన్ని బయటపెట్టింది కూడా రేడియోనే.

ఒక్కసారి ఆలోచించండి. పెద్ద సంస్థలు విలువ లేదని చెరిపేసినవి, మామూలు మనుషులు ఇష్టంతో దాచుకున్నారు. లెనన్ చనిపోయేనాటికి షాన్‌కి ఐదేళ్లు. ఆ పిల్లాడికి నాన్న మిగిలింది చాలావరకు టేపుల్లోనే. మీ ఇంట్లోనూ ఏ పాత పెట్టెలోనో తాతయ్య పద్యమో, అమ్మమ్మ జోలపాటో ఉన్న క్యాసెట్ ఒకటి ఉండొచ్చు. తేమకి, వేడికి అది రోజురోజుకీ చెడిపోతూ ఉంటుంది. పారేసే ముందు ఒక్కసారి వినండి. వీలైతే ఈ వారంలోనే ఫోన్‌లోకి ఎక్కించి పెట్టుకోండి. పోయిన గొంతులన్నిటికీ పీటర్ జాక్సన్ దొరకడు కదా.